చంద్రుడి చీలిక: చిత్రం చెప్పే సాక్ష్యమెంత?

సత్యాన్ని నిలబెట్టడానికి సత్యం కాని సాక్ష్యాన్ని ఆసరా చేసుకోవచ్చా? ధర్మప్రచారంలో ఉన్న ప్రతి ఒక్కరూ ఆలోచించవలసిన ప్రశ్న ఇది.

చంద్రుని ఉపరితలంపై పొడవైన చీలిక కనిపించే ఒక ఫోటో మన సమాజంలో చాలాకాలంగా తిరుగుతోంది. దైవప్రవక్త (సఅసం) కాలంలో చంద్రుడు రెండుగా చీలిన మహిమకు ఇదే శాస్త్రీయ రుజువని దాని కింద రాసి ఉంటుంది. చూసినవారు సుబ్హానల్లాహ్ అంటూ మరో పదిమందికి చేరవేస్తారు.

ఇంతకూ ఆ ఫోటోలో ఉన్నదేమిటి? 1969 మే నెలలో అపోలో 10 వ్యోమగాములు చంద్రుని చుట్టూ తిరుగుతూ తీసిన చిత్రమది. ఆ చీలిక పేరు రీమా అరియాడియస్. పొడవు సుమారు 300 కిలోమీటర్లు, వెడల్పు 5 కిలోమీటర్లు. చంద్రుని చుట్టుకొలత దాదాపు 10,900 కిలోమీటర్లు. కనుక అది చంద్రుణ్ణి చుట్టివచ్చిన అతుకు కాదు. పైపొర సాగినప్పుడు రెండు సమాంతర పగుళ్ల మధ్య నేల కుంగి ఏర్పడిన లోయ.

ఇలాంటి గీతలు మన చంద్రునికే పరిమితం కాలేదు. గురుగ్రహ ఉపగ్రహమైన యూరోపా మంచు నేలంతా పగుళ్లమయమని గెలీలియో నౌక చిత్రాలు చూపాయి. శనిగ్రహపు ఎన్సెలాడస్ దక్షిణ ధ్రువం వద్ద ఒక్కొక్కటి సుమారు 130 కిలోమీటర్ల పొడవున్న నాలుగు పగుళ్లను 2005లో కాసిని నౌక చిత్రించింది. వాటిలో నుంచి నీటి ఆవిరి, మంచు రేణువులు ఎగజిమ్ముతున్నాయి. పగులు కనిపించడమే మహిమకు రుజువైతే వీటి సంగతేమిటి?

యూరోపా గీతలు ఎర్రగా మెరిసే చిత్రాలను మనం చూస్తుంటాం. తేడాలు స్పష్టంగా తెలియడానికి శాస్త్రజ్ఞులు రంగులను గాఢం చేశారు. ఆ మాట వారే పక్కన రాస్తారు కూడా. కాబట్టి అది మోసం కాదు. ఆ వివరణను తొలగించి మన మాటను అతికించినప్పుడే అసత్యం మొదలవుతుంది. చిత్రం అబద్ధమాడదు, దాని పేరుతో మనిషే ఆడతాడు.

“ఉద్దేశం మంచిదే కదా, విశ్వాసం పెరుగుతుంది కదా” అని కొందరు సోదరులు అనవచ్చు. పూర్వం ఖుర్ఆన్ సూరాల ఘనత గురించి హదీసులు కల్పించినవారిలో కొందరు చెప్పిన సాకు కూడా ఇదే. ప్రజలను ఖుర్ఆన్ వైపు మళ్లించడానికే అలా చేశామన్నారు. హదీసువేత్తలు ఆ సాకును అంగీకరించలేదు. వారిని అబద్ధీకుల జాబితాలోనే చేర్చారు.

చంద్రుని చీలికపై మన విశ్వాసం అపోలో ఫోటోతో పుట్టలేదు. దివ్యఖుర్ఆన్‌లోని ఖమర్ సూరా దాన్ని ప్రస్తావించింది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌వూద్ (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ఇంత దృఢమైన పునాది ఉండగా దాని కింద బీటలువారిన ఇటుక పెట్టడం దేనికి? రేపు కాలేజీలో చదివే మన బిడ్డ ఆ ఫోటో అసలు సంగతి తెలుసుకుంటే, ఫోటోతో పాటు మహిమనే శంకించే ప్రమాదం లేదా? ఆ శంకకు బాధ్యులెవరు?

ఏదైనా వార్త వస్తే నిర్ధారించుకోవాలని హుజురాత్ సూరా మనకు ఆదేశిస్తోంది. విన్నదల్లా చెప్పుకుంటూ పోవడాన్ని దైవప్రవక్త (సఅసం) అసత్యంగానే లెక్కించారు. హదీసుకు సనద్ అడిగే సమాజం మనది. చిత్రానికి కూడా సనద్ అడుగుదాం. ఎవరు తీశారు? ఎప్పుడు తీశారు? తీసినవారు దాని గురించి ఏం చెప్పారు? జవాబు దొరకకపోతే చేతిలోనే ఆపేద్దాం.

యూరోపా పగుళ్లూ, ఎన్సెలాడస్ మంచు ధారలూ, చంద్రుని లోయలూ అన్నీ అల్లాహ్ సృష్టి సూచనలే. వాటిని ఉన్నవి ఉన్నట్లు చూసినా మనసు ఆయన ముందు వంగుతుంది. మన అతుకులు వాటికి అవసరం లేదు. సత్యాన్ని సత్యంతోనే చాటే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.