మనిషిని బట్టి మలుపు

అమ్మాయీ, నువ్వు కథలు రాస్తున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. ఆ ప్రేమతోనే ఒక మాట చెబుతాను, విను. రాస్తూ రాస్తూ ఆగిపోయినప్పుడు “తర్వాత ఏం జరగాలి?” అని ఆలోచించకు. “ఇప్పుడు ఈ మనిషి ఏం చేస్తాడు?” అని ఆలోచించు.

పాలగుమ్మి పద్మరాజు గారి ‘గాలివాన’ మళ్ళీ ఒకసారి చదువు. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి అందుకున్న కథ అది. అందులో జరిగేది చెప్పుకుంటే నాలుగు ముక్కలే. రావుగారనే పెద్దమనిషి రైల్లో పొరుగూరు వెళ్తారు. తుఫాను వస్తుంది. చీకటి స్టేషన్లో ఒక ముష్టి ఆమె తోడుగా రాత్రి గడపాల్సి వస్తుంది. ఆయన స్థానంలో ఏ భయమూ లేని కుర్రాణ్ణి కూర్చోబెట్టి చూడు. వాన కురుస్తుంది, తెల్లవారుతుంది, అంతే.

రావుగారు కాబట్టే అది కథ అయింది. ఇంట్లో ప్రతిదానికీ నియమం పెట్టుకున్న మనిషి ఆయన. అంతకుముందు రైల్లో ఆ ముష్టి ఆమే చెయ్యి చాపితే ఏమీ ఇవ్వని మనిషి. గాలికి తలుపులు ఊగిపోతుంటే ఆ నియమాల్లో ఒక్కటీ అక్కరకు రాలేదు. పక్కన ఇంకో ప్రాణి ఉంటే చాలనిపించింది. తుఫానుకు ముందే రచయిత ఆ నియమాలన్నీ మనకు చూపించారు గనుకే, అవి కూలుతుంటే మన గుండె అదురుతుంది.

ముష్టి ఆమెను కూడా గమనించు. రావుగారికి పాఠం చెప్పడానికి వచ్చిన బొమ్మ కాదు ఆమె. ఆయనకు ధైర్యం చెప్పింది, ఆయన పర్సూ తీసింది. రెండూ ఆమె స్వభావమే. నీ కథలో చిన్న పాత్రకు కూడా తనదైన బతుకూ, అవసరమూ ఉండనీ.

కాకతాళీయంగా కథ మొదలైతే తప్పు లేదు. చిక్కుముడి మాత్రం కాకతాళీయంగా విడిపోకూడదు. అలాగని మనిషి గుణగణాలు వర్ణిస్తూ కూర్చున్నా కథ కదలదు. తను దేన్ని వదులుకోలేడో తెలుసుకుని, సరిగ్గా అక్కడే అతణ్ణి ఇరకాటంలో పెట్టు. అప్పుడు తను చేసే పనే మలుపు. నీకు నచ్చిన ముగింపు కోసం అతణ్ణి మెడపట్టి తోయకు తల్లీ. అతను అటు నడవనంటే ముగింపే మార్చుకో.

రాయడం పూర్తయ్యాక ఒక్క పరీక్ష పెట్టుకో: ఈ మనిషి చోట ఇంకెవరున్నా కథ ఇలాగే నడిచేదా? నడిచేదంటే, నీకు అతనింకా తెలియలేదన్నమాట. తొందరపడి పత్రికకు పంపకు. ఇంకొన్నాళ్ళు అతనితో గడుపు.