శాకాహారి ఇంట్లో బర్మీస్ పిల్లి

హైదరాబాద్‌లో అబిడ్స్, నాంపల్లి చుట్టుపక్కల కోడిగుడ్డును కూడా గడప దాటనివ్వని ఇళ్లు చాలానే ఉన్నాయి. జైనులు, మార్వాడీలు, వైష్ణవులు. అలాంటి ఇంట్లో పిల్లలు బర్మీస్ పిల్లి కావాలని పట్టుబడితే పెద్దలు ధర అడుగుతారు, బొచ్చు రాలుతుందా అని అడుగుతారు. ముందు తేల్చుకోవలసింది దానికి ఏం పెడతామన్నది.

పిల్లి ఆవులించినప్పుడు నోట్లోకి చూడండి. నమిలి పిండి చేసే చదును పళ్లు కనిపించవు. దవడ పక్కలకు ఆడదు. వెనకపళ్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ కత్తెరలా కోస్తాయి. టారిన్ అనే పదార్థాన్ని దాని ఒళ్లు తగినంత తయారు చేసుకోలేదు. అది చాలకపోతే కంటిచూపు పోతుందని 1975లో, గుండె దెబ్బతింటుందని 1987లో అమెరికా పరిశోధకులు తేల్చారు. కృత్రిమ టారిన్ కలిపిన శాకాహార మేత ఉన్నా, క్యారెట్‌లోని పదార్థాన్ని విటమిన్ ఎగా మార్చుకోవడం కూడా పిల్లికి చేతకాదు. ఇక పాలన్నమంటారా, ఎదిగిన పిల్లులు చాలావాటికి పాలే అరగవు.

అసలు చిక్కు ఇక్కడే. మాంసం పెడితే ఎక్కడో ఒక కోడి చావాలి. పెట్టకపోతే కళ్లెదుట పిల్లి చిక్కిపోవాలి. మన వ్రతాన్ని దాని కడుపు మీద రుద్దడం అహింస అనిపించుకోదు. నియమం వదులుకోలేని ఇల్లు పిల్లిని తెచ్చుకోకపోవడమే న్యాయం. 12వ శతాబ్దపు జైనాచార్యుడు హేమచంద్రుడు తన యోగశాస్త్రంలో గృహస్థులకు నిషేధించిన 15 వృత్తుల్లో, డబ్బు కోసం పిల్లుల్ని, కుక్కల్ని పెంచడం కూడా ఉంది. ఆ మాట పెంచి అమ్మేవారికే చెప్పినా, కొనేవాడు లేనిదే ఆ బేరం సాగదు కదా!

బర్మీస్ విషయంలో ఈ బేరానికి ఇంకో బాధ ఉంది. 1930లో జోసెఫ్ థామ్సన్ అనే వైద్యుడు బర్మా నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు తెప్పించుకున్న వాంగ్ మావ్ అనే గోధుమరంగు ఆడ పిల్లియే అమెరికాలో ఈ జాతికి మూలం. దగ్గరి రక్తంలోనే జతకట్టించడంతో జన్యు వైవిధ్యం బాగా తగ్గిపోయింది. కొన్ని వంశాల్లో రక్తంలో పొటాషియం పడిపోయి కూన మెడ నిలపలేక తల వాల్చేస్తుంది. దీనికి జన్యు పరీక్ష ఉంది. తల్లిదండ్రులకు ఆ పరీక్ష చేయించారా అని అడగకుండా కొనడం తప్పే.

నాంపల్లి యూసుఫైన్ దర్గాకు వెళ్లే ముస్లింలకు తెలిసిన హదీసు ఒకటుంది. ఒకావిడ పిల్లిని బంధించి తిండి పెట్టలేదు, వేటాడి తిననివ్వనూ లేదు. అందుకు నరకం పాలైంది. బంధించడమంటే తాడు కట్టడమే కానక్కర్లేదు. బర్మీస్ మనిషి వెన్నంటే తిరిగే జాతి. ఇంటిల్లిపాదీ పొద్దున్నే జగదీశ్ మార్కెట్ దుకాణానికి వెళ్లి రాత్రికి తిరిగొస్తే, తాళం వేసిన మూడో అంతస్తులో దానికి తోడెవరు? తోడుగా ఇంకోదాన్ని తెస్తే మాంసం రెట్టింపు.

అదే వీధి పిల్లయితే తన వేట తనే చూసుకుంటుంది. దానికి వేసవిలో నీళ్లగిన్నె పెట్టడానికి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడానికి ఏ వంటింటి నియమమూ అడ్డు రాదు.