గురి తప్పాక

రెండేళ్ల క్రితం నవంబరులో, విస్కాన్సిన్‌లో, ఒక శనివారం మధ్యాహ్నం మూడున్నరకి నేనొక జింకని కాల్చాను. అది చావలేదు. అంటే, నా కళ్ల ముందు చావలేదు. తర్వాత ఏమైందో నాకు తెలీదు, ఇప్పటికీ తెలీదు. ఆ తెలియకపోవడాన్ని ఏం చేసుకోవాలన్నదే నన్ను తినేస్తున్న ప్రశ్న.

మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింకని కాలిస్తే జైలే. అమెరికాలో సంగతి వేరు. తోడేళ్లు చాలా చోట్ల లేకుండా పోయాయి, తెల్లతోక జింకలు విపరీతంగా పెరిగాయి, ప్రభుత్వమే లైసెన్సులిచ్చి వేటాడమంటుంది. విస్కాన్సిన్‌లో థాంక్స్‌గివింగ్ ముందు శనివారం మొదలై తొమ్మిది రోజులు తుపాకీ సీజన్. ఐదు లక్షల మందికి పైగా మెరిసే నారింజ రంగు జాకెట్లు వేసుకుని అడవుల్లోకి వెళ్తారు. మా ఆఫీసులో రిటైర్మెంటుకి దగ్గరపడ్డ పెద్దాయన ఒకాయనకి నలభై ఎకరాల అడవి ఉంది. ఆయన పిలిచాడు, వెళ్లాను.

ఎందుకు వెళ్లావు అంటే నా దగ్గరున్న జవాబు ఇది. చిన్నప్పటి నుంచీ ఆదివారం మటన్ కొట్టు ముందు నిలబడి, మొహం పక్కకి తిప్పుకుని, "కొంచెం లివర్ కూడా వెయ్యన్నా" అనే రకం నేను. తినేవాడు ఒక్కసారైనా చూడాలి కదా అనిపించింది. అమ్మకి ఫోన్‌లో చెబితే, "జింకని చంపడమేంట్రా? సీతమ్మ అడిగింది కూడా అదే, ఏమైందో చూశాం కదా" అంది. నవ్వుకున్నాం.

అసలు కాల్చడమే తప్పు కదా అనేవాళ్లుంటారు. వాళ్లతో నాకు పేచీ లేదు. అది పెద్ద ప్రశ్న, పాత ప్రశ్న. నాది ఆ తర్వాతది: గుండు వెళ్లిపోయింది, వెనక్కి రాదు, ఇప్పుడేంటి?

తెల్లవారుజాము నుంచి చెట్టుకి కట్టిన మచ్చె మీద కూర్చున్నాను. మూడున్నరకి ఓక్ చెట్ల మధ్య నుంచి ఒక ఆడజింక వచ్చింది, నూరు గజాల పైనే ఉంటుంది. గురి ఎక్కడ పెట్టాలో కోర్సులో నేర్పారు. భుజం వెనక, అన్నం పళ్లెమంత చోటు. అక్కడ తగిలితే ఊపిరితిత్తులు, గుండె పోతాయి, జింక కొద్ది దూరంలోనే పడిపోతుంది. నేను ట్రిగ్గర్ నొక్కిన క్షణంలోనే అది ఒక అడుగు ముందుకేసింది.

ఈ చివరి వాక్యాన్ని చాలామందికి చెప్పాను. ఇప్పుడు సరిచేస్తాను. అది ముందు నుంచీ నడుస్తూనే ఉంది. ఆగేదాకా కాల్చొద్దని నాకు నేర్పారు. నవంబరు ఆఖర్లో అక్కడ నాలుగున్నరకే పొద్దు గూకుతుంది. రోజంతా చలిలో కూర్చున్నాను, ఉత్త చేతులతో పోతానేమోనని ఆగలేదు. అడుగేసింది జింకే, కానీ తొందరపడింది నేను.

అది పరిగెత్తలేదు. నడుం విల్లులా పైకి వంచి, తోక కిందకి దించుకుని, పొదల్లోకి నడుచుకుంటూ పోయింది. పెద్దాయనకి మెసేజ్ పెట్టాను. నడుం వంచింది అని రాయగానే జవాబొచ్చింది: కిందకి దిగొద్దు, నేనొచ్చేదాకా కదలొద్దు.

ఎందుకో తర్వాత చెప్పాడు. నెత్తుటిని చదవాలట. గులాబీ రంగులో నురగలా ఉంటే ఊపిరితిత్తులు, అరగంట ఆగి వెళ్తే చాలు. చిక్కగా, నల్లగా ఉంటే కాలేయం, కొన్ని గంటలు ఆగాలి. ఆకుపచ్చ పసరు కలిసి వాసనేస్తే కడుపో పేగులో, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు. కడుపులో దెబ్బ తగిలిన జింక వదిలేస్తే దగ్గర్లోనే ఎక్కడో పడుకుంటుంది. అక్కడే పోతుంది. వెంటపడితే ఉన్న శక్తంతా పోగేసుకుని లేచి ఎంత దూరమైనా వెళ్లిపోతుంది. అంటే నువ్వు చేసిన గాయంతో ఒక ప్రాణి పక్క పొదలో విలవిల్లాడుతుంటే, నువ్వు థర్మాస్ ఫ్లాస్కులో కాఫీ తాగుతూ వాచీ చూసుకోవాలి. అదే దయ. ఇంతకన్నా విడ్డూరమైన నీతి నేనింతవరకూ వినలేదు, ఇంతకన్నా నిజమైనదీ వినలేదు.

నేను ఇరవై నిమిషాలకే దిగిపోయాను.

జాలితో దిగాననే అనుకున్నాను అప్పుడు. దాన్ని అలా వదిలెయ్యలేక, త్వరగా ముగించాలని. కానీ ఆ క్షణంలో నేను ముగించాలనుకున్నది నా కంగారుని. రాలిన ఆకుల మీద నెత్తురు కనిపించింది. నల్లటి చుక్కలు, పక్కనే పసరు. ఎనభై గజాల దూరంలో గడ్డి అణిగి, ఒక జింక ఒదిగేంత గుంటలా ఉంది. ముట్టుకుంటే ఇంకా వెచ్చగా తగిలింది. ముందు పొదల్లో చప్పుడైంది. తెల్లతోక ఒక్కసారి కనిపించి, కంచె దూకి అవతలికి పోయింది. పడుకున్నదాన్ని నేనే లేపాను.

కంచె అవతల స్థలం ఇంకొకాయనది. అక్కడి రూల్ ప్రకారం దెబ్బతిన్న జింక కోసమైనా అనుమతి లేకుండా పక్కవాళ్ల నేల మీద కాలు పెట్టకూడదు. పెద్దాయన ఏడింటికి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఎత్తలేదు. మేం కంచె దగ్గర నిలబడ్డాం. రాత్రి సన్నగా తుంపర మొదలైంది. నెత్తుటి జాడంతా కడుక్కుపోతుందని ఇద్దరికీ తెలుసు. నేను ఆ ఎత్తని ఫోన్ని తిట్టుకుంటూ పడుకున్నాను.

తెల్లారి వెళ్తే ఆయన పాల షెడ్డులో ఉన్నాడు. ఆవుల కాళ్ల మధ్య రబ్బరు బూట్లతో తిరుగుతున్నాడు. మూడున్నరకే లేచి పాలు పితికే మనిషి రాత్రి ఏడింటికి పడుకోక ఏం చేస్తాడు? ఎంతసేపైనా వెతుక్కోండి అన్నాడు. అప్పుడు నేనన్న మాట ఇది: "రాత్రి ఒక్కసారి ఫోన్ ఎత్తి ఉంటే దొరికేది." ఆయన ఏమీ అనలేదు. ఒక దూడని పక్కకి నెట్టి తన పనిలో పడ్డాడు. మా పెద్దాయన నా వైపు చూసిన చూపు మాత్రం గుర్తుంది.

ఒంటిగంట దాకా వెతికాం. వాసన పట్టే కుక్కలున్నవాళ్లకి ఫోన్ చేస్తే, సీజన్ మొదటి వారాంతం, ఎవరూ ఖాళీ లేరు. ఒక చోట ఆకు అడుగున ఒక చుక్క. తర్వాత బురద నేల, రెల్లు, నీళ్లు. అంతే.

వారం తర్వాత పరీక్షిత్తు గుర్తొచ్చాడు. ఈ కథ మనకి చాలావరకు భాగవతం నుంచి తెలుసు. వేటకెళ్లిన రాజుకి దాహమేస్తుంది, ధ్యానంలో ఉన్న శమీకుణ్ణి నీళ్లడుగుతాడు, ఆయన పలకడు, చచ్చిన పాముని మెడలో వేస్తాడు. భారతం ఆదిపర్వంలో మాత్రం ఆయన అడిగేది నీళ్లు కాదు, జింక. నేను బాణంతో కొట్టిన జింక తప్పిపోయింది, నువ్వు చూశావా, అని. అంతవరకూ ఆయన కొట్టిన మృగం ప్రాణాలతో అడవిలోకి పోయిందే లేదట. ఆయనకిది మొదటిసారి. ముని మౌనవ్రతంలో ఉన్నాడు. ఆవుల మంద దగ్గర, దూడలు పాలు తాగుతుంటే వాటి మూతుల నుంచి కారే నురగ తాగి బతికే మనిషి. పలకలేదు. రాజు వింటికొనతో పాముని ఎత్తి ఆయన భుజం మీద వేశాడు.

ఇది చదివి కాసేపు పుస్తకం మూసేశాను. పాల షెడ్డు, దూడ, పలకని మనిషి. కావాలని అతికించినట్టుంది గానీ, ఏం చెయ్యను, అలాగే జరిగింది.

చిన్నప్పుడు ఈ కథని కోపం గురించిన కథగా చెప్పారు. ఇప్పుడు నాకది తప్పిన గురి గురించిన కథలా కనిపిస్తోంది. పరీక్షిత్తుకి ముని మీద కోపం ఎందుకొస్తుంది? గురి తప్పింది తనది. అది ఒప్పుకోవడం కష్టం. ఎదురుగా మాట్లాడని మనిషి ఒకడు దొరికాడు. తప్పు అక్కడి నుంచి ఇక్కడికి మారిపోయింది. నా చచ్చిన పాము ఆ ఒక్క వాక్యం. నిజానికి ఆయన ఫోన్ ఎత్తి మేం రాత్రే వెళ్లినా, దాన్ని మళ్లీ లేపేవాళ్లమే అంటాడు మా పెద్దాయన. తుంపర పడకముందు జాడ దొరికేదేమో అంటుంది నా మనసు. ఏది నిజమో తేలదు. తేలకపోవడం నాకు అనుకూలంగా ఉందన్నదే ఇబ్బంది.

దశరథుణ్ణి పక్కన పెట్టి చూడండి. ఆయనదీ తప్పిన గురే, ఇంకా ఘోరం. సరయూ ఒడ్డున చీకట్లో కుండ మునిగే చప్పుడు విని ఏనుగనుకుని బాణం వేశాడు. తగిలింది మనం శ్రవణకుమారుడనే పిల్లవాడికి. కానీ ఆయన చప్పుడు వచ్చిన చోటికి వెళ్లాడు. తర్వాత అదే కుండలో నీళ్లు నింపుకుని, కళ్లు లేని ఆ తల్లిదండ్రుల దగ్గరికి నడిచి, నేనే చంపాను అని చెప్పాడు. శాపం ఇద్దరికీ తగిలింది, నిజమే. అయినా ఆ కుండ మోసుకుంటూ నడిచిన దూరం ఉంది చూశారూ, పరీక్షిత్తు కథలో లేనిది అదే. ఇంకొకటి కూడా లేదు. శాపం, తక్షకుడు, సర్పయాగం, ఆ యాగంలోనే మొత్తం భారతం చెప్పడం, ఇంత కథ నడిచింది. ఆ జింక ఏమైందో ఎవరూ చెప్పరు. ఎవరూ అడగరు కూడా.

అమ్మకి చెప్పినప్పుడు, "పోన్లేరా, దొరకలేదంటే బతికినట్టే కదా" అంది. ఎంత హాయిగా ఉందో ఆ మాట. పట్టుకుని వేలాడాను కొన్నాళ్లు. బెర్నార్డ్ విలియమ్స్ అనే తత్వవేత్త 1976లో 'మోరల్ లక్' అనే వ్యాసంలో ఒక లారీ డ్రైవర్ని ఊహించుకోమంటాడు. తన తప్పేమీ లేకుండానే ఒక పిల్లాణ్ణి గుద్దేశాడు. నీ తప్పు కాదని చుట్టూ ఉన్నవాళ్లు ఓదారుస్తారు, ఓదార్చాలి కూడా. కానీ ఆ డ్రైవర్ మరీ తేలిగ్గా ఓదారిపోతే మనకే అతని మీద అనుమానమొస్తుంది. అమ్మ ఓదార్చడం సరైనదే. నేను ఓదారడమే తేడాగా ఉంది. పైగా నాది తప్పు లేని డ్రైవర్ కథ కూడా కాదు. కడుపులో గుండు దిగిన జింక బతకడం చాలా అరుదని తెలిసి కూడా "ఏమో, బతికే ఉండొచ్చు" అంటున్నానంటే, అది ఆశ కాదు, నాకు నేను ఇచ్చుకుంటున్న లంచం.

మన భాష ఇక్కడ భలే ఇరికిస్తుంది. గురి తప్పింది. జింక తప్పించుకుంది. తప్పిపోయింది. తప్పు. అన్నిటిలోనూ ఒకటే మాట, కర్తలే వేరు. "జింక తప్పిపోయింది" అన్నప్పుడల్లా నేను వాక్యంలోంచి మెల్లగా జారుకుంటున్నాను.

జిమ్ కార్బెట్ 1907లో చంపావత్ ఆడపులిని చంపాడు. అప్పటికి అది నేపాల్‌లోనూ కుమావూలోనూ కలిపి 436 మందిని చంపిందని లెక్క. నోరు చూస్తే కుడివైపు పై కోర సగానికి, కింది కోర ఎముక దాకా విరిగి ఉన్నాయి. పాత తుపాకీ దెబ్బ. అందుకే మామూలు వేట చేతకాక మనుషుల మీద పడిందంటాడు ఆయన. ఆ మొదటి గుండు ఎవరిదో చరిత్రకి తెలీదు. ఆ మనిషి బహుశా రాత్రి భోజనాల దగ్గర "తప్పిపోయింది" అనే చెప్పి ఉంటాడు. నా జింక ఎవరినీ చంపదు. రెల్లులో ఎక్కడో ఒంటరిగా పోయి ఉంటుంది, కయోటీలు తిని ఉంటాయి. ఎవరికీ కబురు రాదు. మర్చిపోవడానికి ఇంతకన్నా సౌకర్యమైన తప్పు ఉండదు.

ఆ ఆదివారం నా లైసెన్సులో ఇంకో జింకని కొట్టే హక్కు మిగిలే ఉంది. చట్టం లెక్కలో నేనింకా ఏమీ చంపలేదు. మా పెద్దాయన రైఫిల్ తుడుస్తూ, "నీ సీజన్ అయిపోయింది" అన్నాడు. ఉపదేశమేమీ చెయ్యలేదు. అలా లెక్కేసుకునే వేటగాళ్లు చాలామంది ఉన్నారని తర్వాత తెలిసింది. దొరక్కపోయినా దొరికినట్టే లెక్క, వాళ్ల దృష్టిలో. జింకకి దీనివల్ల ఒరిగేదేమీ లేదని నాకూ తెలుసు. పశ్చాత్తాపం పేరుతో నన్ను నేను అందంగా చూసుకుంటున్నానేమో అని కూడా అనుమానం. ఈ వ్యాసం మీదా అదే అనుమానం ఉంది. కానీ "బతికి ఉండొచ్చు" అనే మాటకీ "చంపాను" అనే మాటకీ మధ్య ఎటో ఒకవైపు ఉండాల్సి వస్తే, ఆ ట్యాగు నన్ను రెండో వైపు నిలబెట్టింది.

కిందటి నవంబరులో మళ్లీ వెళ్లాను. వేటకి కాదు, ఊరికే. ముందు ఆ రైతు షెడ్డుకెళ్లాను. ఆ రోజు అలా అన్నందుకు సారీ చెప్పాను. రాత్రి ఫోన్ సంగతి, కంచె సంగతి, తెల్లారి నేనన్న మాట, అన్నీ వరసగా చెప్పాను. ఆయన పాల డబ్బా కింద పెట్టి, గుర్తు తెచ్చుకోవడానికి నిజంగానే కష్టపడ్డాడు.

"ఏ జింక?" అన్నాడు.