కృతి ఎవరిది, ప్రతి ఎవరిది

పాత తెలుగు కావ్యాల అవతారికల్లో ఒక పెళ్లి జరుగుతుంది. రాసిన కవి కృతికర్త. కావ్యం ఆయన కన్న కూతురు, కృతికన్య. అంకితం పుచ్చుకున్నవాడు కృతిభర్త. ఇవి మాటవరసకు పెట్టిన పేర్లు కావు. వరస కలుపుకొని మరీ పిల్లనడిగిన సందర్భం ఉంది. నిర్వచనోత్తర రామాయణంలో నెల్లూరి రాజు మనుమసిద్ధి, తాను ‘మామా’ అని పిలిచే పిలుపుకు తగినట్టు భారతీకన్యను తనకిమ్మని తిక్కనను అడుగుతాడు. రచన మీద రచయితకున్న హక్కు ఏమిటి, అది చేతులు మారితే ఏది పోతుంది, ఏది మిగులుతుంది అన్న ప్రశ్నకు కాపీరైటు చట్టాలు పుట్టకముందే తెలుగువాళ్లు చెప్పుకున్న జవాబు ఈ పెళ్లిలో ఉంది.

పెళ్లయిన ఆడపిల్లకు ఇంటిపేరు మారుతుంది, పుట్టిల్లు మారదు. మనుచరిత్ర శ్రీకృష్ణదేవరాయలకు అంకితమైనా అది పెద్దన మనుచరిత్రే. కృతిభర్త ఇచ్చేది అగ్రహారం, బంగారం, సభలో మర్యాద. పుచ్చుకునేది అవతారికలో వంశవర్ణన, ప్రతి ఆశ్వాసానికీ మొదటా చివరా తన పేరున సంబోధన. కావ్యాన్ని ఎవరు రాసుకోవచ్చు, ఎవరు రాసుకోకూడదు అన్న మాట ఈ ఒప్పందంలో లేదు. ఉండవలసిన అవసరమూ లేదు. ఎన్ని ప్రతులు పుడితే అన్ని ఊళ్లకు కృతిభర్త పేరు పోతుంది. కవికి ముట్టవలసింది ముందే ముట్టింది. మన పెద్దలు విద్యను అమ్ముకోలేదు కాబట్టి కాపీరైటు పరాయి బుద్ధి అనే వాదన తరచూ వినబడుతుంది. ఆ వాదన ఈ జమాఖర్చును లెక్కలోకి తీసుకోదు. ప్రతి ఉచితంగా తిరగగలిగిందంటే, దాని వెల ఒక రాజో మంత్రో వర్తకుడో చెల్లించబట్టే. శ్రీనాథుడి హరవిలాసానికి కృతిభర్త అవచి తిప్పయ్య సెట్టి అనే వర్తకుడు.

ప్రతి తీయడం అంటే ఆ రోజుల్లో ఏమిటో కూడా గుర్తుపెట్టుకోవాలి. పదును పెట్టిన తాటాకును ఎడమచేత్తో పట్టి, బొటనవేలి ఆసరాతో ఆకును కొద్దికొద్దిగా జరుపుతూ, కుడిచేతి గంటంతో అక్షరాన్ని గీరాలి. గీరిన అక్షరం వెంటనే కంటికి ఆనదు. ఆకు మీద మసి పూసి తుడిస్తే గీతల్లో నలుపు నిలిచి అప్పుడు చదవడానికి వస్తుంది. తర్వాత చిల్లుల్లోంచి తాడు పోసి, పలకల మధ్య పెట్టి కట్టాలి. ఒక పెద్ద పురాణానికి నెలలు పట్టేది. చివర లేఖకుడు తప్పులుంటే మన్నించమని పండితులను వేడుకుంటాడు; నడుము వంగి, మెడ పట్టేసి రాసిన శ్రమ చెప్పుకుంటాడు; నూనె నుంచి, నీళ్ల నుంచి, వదులు కట్టు నుంచి ఈ గ్రంథాన్ని కాపాడమంటాడు. ఇంత ఒళ్లు వంచినవాణ్ణి దొంగ అనడానికి ఎవరికీ నోరు రాదు. పుస్తకం రాయించి దానం చేస్తే పుణ్యమన్నారు. ఫలశ్రుతులు విన్నవాళ్లతో పాటు రాసినవాళ్లకూ ఫలం చెప్పాయి. ప్రతి తీసేవాడి చెమట ప్రతిలోనే ఉంది.

అయితే పేరు సంగతి వేరు. ఇక్కడ సంప్రదాయం ఏమాత్రం ఉదారంగా లేదు. దీనికి అన్నిటికన్నా బలమైన సాక్ష్యం వేదమే. మీమాంసకుల దృష్టిలో వేదం అపౌరుషేయం. దాన్ని ఎవరూ రచించలేదు, ఋషి మంత్రాన్ని చూసినవాడే తప్ప చేసినవాడు కాడు. కర్తే లేడన్న చోట పేరుతో పనేముంది? కానీ జపానికి కూర్చున్నవాడు ముందు ఋషినీ ఛందస్సునూ దేవతనూ స్మరించాకే మంత్రం ఎత్తుకుంటాడు. గాయత్రికి ఋషి విశ్వామిత్రుడని ప్రతి సంధ్యలోనూ చెప్పుకుంటాడు. స్వామ్యాన్ని పూర్తిగా కాదన్న దర్శనం కూడా పేరును వదులుకోలేదు. సొత్తు కానిదానికి సైతం ఎవరి నోట వచ్చిందో చెప్పవలసిన ఋణం ఉంటుందని దీని అర్థం.

అలంకారశాస్త్రం ఈ ఋణాన్ని ఇంకా నిశితంగా తూచింది. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం నాలుగో ఉద్ద్యోతంలో ఇద్దరు కవుల మధ్య పోలికను మూడు రకాలుగా విడదీశాడు: అద్దంలో నీడలాంటిది, చిత్తరువులాంటిది, ఒకే పోలిక ఉన్న ఇద్దరు మనుషుల్లాంటిది. మొదటి రెండూ కవి విడిచిపెట్టవలసినవి. మూడోది తప్పు కాదు, ఎందుకంటే పోలిక ఉన్నా ప్రాణం వేరు. రాజశేఖరుడు కావ్యమీమాంసలో హరణం మీద ఏకంగా మూడు అధ్యాయాలు రాశాడు. మిగతా దొంగతనాలు కాలం గడిస్తే మాసిపోతాయి గానీ మాట దొంగతనం కొడుకుల, మనవల కాలానికీ మాసిపోదనే అభిప్రాయాన్ని ఆయన ప్రస్తావిస్తాడు. అక్కడే ఆయన భార్య అవంతిసుందరి మాటలూ ఉన్నాయి: అతను ఊరూ పేరూ లేనివాడు, నేను పేరున్నవాణ్ణి, అలాంటప్పుడు తీసుకుంటే ఏం అని కవులు చెప్పుకొనే సాకులను ఆమె వరసగా పేర్కొంటుంది. వెయ్యేళ్ల తర్వాత కూడా ఆ సాకుల్లో ఒక్కటీ పాతబడలేదు. అన్నమయ్య అంతటి భక్తుడు సైతం తన పాటలను అనుకరించేవాళ్లను ఒక సంకీర్తనలో గట్టిగానే మందలించాడు. పాట వేంకటేశ్వరుడిదే కావచ్చు, నకలు మాత్రం అన్నమయ్యను నొప్పించింది.

ఇతరుల రచనలో చెయ్యి పెట్టడం ఎలాగో తెలుగులో రెండు ఘట్టాలు చూపిస్తాయి. భారతంలో నన్నయ మధ్యలో ఆపేసిన అరణ్యపర్వాన్ని పధ్నాలుగో శతాబ్దంలో ఎర్రన పూరించాడు. ఆయనను ఆదరిస్తున్నవాడు అద్దంకి ప్రోలయ వేమారెడ్డి. అయినా ఆ శేషాన్ని ఎర్రన, ఎన్నడో గతించిన రాజరాజనరేంద్రుడికే అంకితం చేశాడు. రచనను నన్నయ ధోరణిలోనే నడిపాడు. మొదలుపెట్టినవాడు కుదిర్చిన సంబంధాన్ని తర్వాత వచ్చినవాడు మార్చకూడదనే నిష్ఠ అది. పోతన భాగవతానిది మరో దారి. రాచకొండ సింగభూపాలుడు అంకితం అడిగితే పోతన ఇవ్వలేదనీ, ఆ కోపంతో రాజు గ్రంథాన్ని పాతిపెట్టించాడనీ, తవ్వి తీసేసరికి కొన్ని భాగాలు చెడిపోయాయనీ కథ. కథ సంగతి ఎలా ఉన్నా, అయిదో స్కంధం గంగన, ఆరో స్కంధం సింగన, పదకొండు, పన్నెండు స్కంధాలు వెలిగందల నారయ పూరించారన్నది ఆ స్కంధాల చివర గద్యల్లోనే కనబడుతుంది. ఎవరి భాగానికి వాళ్లు పేరు పెట్టుకున్నారు. ఇది కీర్తికాంక్ష కాదు. తమ పద్యం బలహీనంగా ఉంటే ఆ మాట పోతనకు తగలకూడదు. ఒకరి పేరు కింద ఆయన అనని మాట చేర్చకపోవడం ఎర్రన నిష్ఠకు ఏమీ తీసిపోదు.

పోతన రాజులను కాదని రాముడికిచ్చాడు. తిక్కన భారతాన్ని హరిహరనాథుడికిచ్చాడు. దేవుడే కృతిభర్త అయినప్పుడు ఆ కృతి మీద ఏ మనిషికీ పెత్తనం ఉండదు. అది చదువుకునే వాళ్లందరిదీ అవుతుంది. కానీ దేవుడికిచ్చిన కవికి కూడు ఎక్కడిది? తిక్కనకు మంత్రిపదవి ఉంది. త్యాగరాజుకు ఉంఛవృత్తి. పాట చివర పేరు ఒక్కటే ఆయన వేసుకున్న ముద్ర. ఆ ముద్ర తగిలించుకున్న అనుమానపు కీర్తనలు కూడా తర్వాత పుట్టాయి. ఆయన కీర్తనలు నిలిచాయంటే వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లస్థానం శిష్యులు రాసుకొని దాచబట్టి. అన్నమయ్య పాటలను మాత్రం కొడుకులు, మనవలు రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో సంకీర్తన భాండాగారంలో భద్రం చేశారు. అంతకన్నా గట్టి రక్షణ లేదు. ఇరవయ్యో శతాబ్దంలో ఆ రేకులు వెలుగు చూసేదాకా వాటిలో చాలా పాటలు ఎవరి నోటా లేవు. చాలావాటికి రాగం పేరు మిగిలింది, వరస మిగల్లేదు. దాచడం కూడా ఒక రకం పోగొట్టుకోవడమే.

త్యాగరాజు సిద్ధి పొందిన 1847లోనే కుంపెనీ ప్రభుత్వం ఈ దేశానికి మొదటి కాపీరైటు చట్టం చేసింది. రెంటికీ సంబంధం లేకపోయినా ఆ ఏడాది ఒక గట్టులాంటిది. రాజులు పోతున్నారు, అచ్చు వస్తోంది. 1854లో మద్రాసులో వావిళ్ల ముద్రణాలయం వెలిసింది. వెల ముందే ఇచ్చే కృతిభర్త లేడు. అచ్చయిన ప్రతి అమ్ముడుపోతేనే కవికి ఏదైనా దక్కాలి. పాత పుస్తకాల మీద ‘సర్వస్వామ్య సంకలితము’ అన్న ముద్ర ఈ అవసరం నుంచి వచ్చిందే. ఐరోపాలో ఈ మలుపు ముందే వచ్చింది. ఇంగ్లండులో 1710 నాటి చట్టం రచయితకు 14 ఏళ్ల హక్కు ఇచ్చి, అప్పటికీ బతికి ఉంటే మరో 14 ఏళ్లు పొడిగించింది. శ్రమ కలిపినవాడిదే సొత్తు అన్న తత్త్వవేత్త జాన్ లాక్ సిద్ధాంతాన్ని పుస్తకానికీ అన్వయించారు. మరో తత్త్వవేత్త కాంట్ 1785లో వేరే మాట చెప్పాడు. పుస్తకం వస్తువు కాదు, రచయిత పాఠకులతో ఆడే మాట. అనుమతి లేకుండా అచ్చువేసేవాడు రచయిత అప్పగించని నోటితో ఆయన తరఫున మాట్లాడుతున్నాడు, తప్పు అక్కడుంది. వేదానికి ఋషిని స్మరించే, అనని మాటను పోతనకు అంటగట్టని మన సంస్కారానికి లాక్ కన్నా కాంట్ దగ్గరి చుట్టం.

పేరు, రూపం ఒక హక్కు. ప్రతి మరో హక్కు. మొదటిది రచయిత మాటకు సంబంధించింది, రెండోది ఆయన అన్నానికి సంబంధించింది. 1957 నాటి భారత కాపీరైటు చట్టం కూడా ఈ రెంటినీ విడిగానే ఉంచింది. ప్రతి మీద హక్కు రచయిత జీవితకాలం, ఆ మీదట 60 ఏళ్లు. మొదట అది 50 ఏళ్లే. 1941లో పోయిన రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల గడువు ముగిసే వేళకు, 1992లో, మరో పదేళ్లు పెంచారు. 57వ సెక్షన్ మాత్రం, హక్కులన్నీ రాసిచ్చేసిన తర్వాత కూడా, ఇది నాదని చెప్పుకునే హక్కును, తన పరువు పోయేలా రచనను వికృతం చేస్తే అడ్డుకునే హక్కును రచయితకు మిగిల్చింది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడ మీద శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో మరమ్మతుల పేరిట తీసి పడేశారు. డబ్బిచ్చి చేయించుకున్నది ప్రభుత్వమే. అయినా ఢిల్లీ హైకోర్టు 2005లో మిగిలిన ముక్కలను శిల్పికి తిరిగి ఇమ్మని, 5 లక్షల రూపాయలు నష్టపరిహారం కట్టమని తీర్పు చెప్పింది. అత్తింట బాధపడుతున్న కూతురి తరఫున పుట్టిల్లు అడగడం లాంటిది అది.

విద్య ఖర్చుపెడితే పెరిగే ధనమనీ, దొంగ ఎత్తుకుపోలేనిదనీ, అలాంటప్పుడు ప్రతి తీసుకుంటే రచయితకు పోయేదేమిటనీ ఒక ఆక్షేపణ ఉంది. విద్య విషయంలో ఆ మాట నిజం. విద్య చెప్పేవాడి పొయ్యి విషయంలో కాదు. తాటాకు ప్రతిలో రాసినవాడి కాయకష్టం ఉండేది, వెల రాజు ఇచ్చేవాడు. ఈ రోజు ఒక నవలను స్కాన్ చేసి వెయ్యిమందికి పంపడానికి కష్టమూ లేదు, ఆ వెల ఇచ్చే రాజూ లేడు. ఇప్పుడు కృతిభర్త స్థానంలో ఉన్నవాడు పాఠకుడు. పుస్తకానికి చెల్లించే నూటయాభై రూపాయలు ఆ పాత అగ్రహారంలో అతని వంతు. సినిమా పాటల రచయితలు, స్వరకర్తలు ఈ వంతు కోసం చాలాకాలం కొట్లాడారు. పాట సినిమాలో కాక మరోచోట మోగినప్పుడు వచ్చే రాయల్టీలో వాళ్ల వాటాను నిర్మాతకు రాసిచ్చే వీల్లేకుండా చేసింది 2012 నాటి సవరణే. అయితే దొంగప్రతుల్లోనూ తారతమ్యం ఉంది. పేరుతో సహా పంచినవాడు అన్నంలో చెయ్యి పెట్టాడు. కవిత కింద పేరు చెరిపేసి వాట్సాప్‌లో తిప్పినవాడు, లేదా తన పేరే పెట్టుకున్నవాడు, అంతకన్నా లోతైన గాయం చేశాడు. మొదటి తప్పుకు గడువుండటం న్యాయం, ఎందుకంటే అన్నం అవసరం మనిషితో, అతని మీద ఆధారపడిన వాళ్లతో తీరుతుంది. రెండోదానికి గడువు పెట్టడానికి కారణం కనబడదు.

పూజలో, ఉత్సవంలో ప్రతి హక్కును చట్టమే పక్కన పెట్టింది. నిజమైన మతకార్యంలో పాడినా, పాట వేసినా ఉల్లంఘన కాదని 52వ సెక్షన్ చెబుతుంది. పెళ్లి ఊరేగింపునూ అందులోనే లెక్కించింది. పాటను దేవుడికిచ్చిన చోట మనిషి లెక్క అడగడన్న పాత మర్యాదకు ఇది చట్టభాష. కానీ అదే పాటను రికార్డు చేసి అమ్మితే ఆ మినహాయింపు వర్తించదు.

మిగిలిన చిక్కల్లా వారసుల జాడ తెలియని పుస్తకాలతో. రచయిత పోయారు, ముద్రణాలయం మూతపడింది, గడువు మాత్రం తీరలేదు. మళ్లీ అచ్చువేయడానికి ఎవరిని అడగాలో తెలియక, అలాంటి పుస్తకాలు రాగిరేకుల్లాగే చీకట్లో ఉండిపోతున్నాయి. 31ఏ సెక్షన్ వీటికి ఒక దారి చూపింది. అచ్చువేయదలచినవాడు ముందు పత్రికలో ప్రకటన ఇవ్వాలి, ఆ తర్వాత లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవాలి. రాయల్టీ ఎంతో నిర్ణయించి జమ చేయిస్తారు. ఎప్పుడైనా ఒక వారసుడో వారసురాలో వచ్చి అడిగితే ఇవ్వడానికి ఆ సొమ్ము అక్కడ ఉంటుంది.