ముప్ఫై మార్కుల గడప

ఎం.ఏ. దాకా చదువంటే ఎవరో రాసిపెట్టింది నేర్చుకోవటం. పిహెచ్.డి. అంటే ఇంతవరకూ ఎవరూ అడగనిది అడగటం. ఈ తేడా చిన్నదేమీ కాదు. ఊళ్ళో కూడా అంతే గదా! మాదిగోడు చెప్పింది వింటే మంచోడు, ఎదురు అడిగితే పొగరుబోతు. మన పిల్లలు ఎం.ఏ. దాకా వస్తే సణుక్కుంటూనైనా ఓర్చుకున్న పెద్దలకు, పరిశోధన గడప దగ్గరికొచ్చేసరికి ఎక్కడలేని 'ప్రమాణాలూ' గుర్తొస్తయ్. అందుకే నాది ఒక ప్రశ్న. ఒక మనిషికి ప్రశ్న వేసే యోగ్యత ఉందో లేదో పది నిమిషాల్లో ఇంకో మనిషి ఎట్లా తేలుస్తాడు? ఆ తేల్చే కుర్చీలో మనవాడే కూర్చున్నప్పుడు వాడి ధర్మం ఏమిటి?

1993లో నేనూ అట్లాంటి గదిలోకి పోయాను. ఇంటిపేరు చూసి ఊరేదన్నారు. ఊరు చెప్తే ఏ బజారన్నారు. బజారు చెప్పాక నాయన ఏం చేస్తాడన్నారు. ఏడు ప్రశ్నల్లో నా సబ్జెక్టు మీద అడిగింది ఒక్కటి. మిగతా ఆరిటితో వాళ్ళు తెలుసుకున్నది నా తెలివిని కాదు, నా పల్లెని.

ఇది నా ఒక్కడి గోడు కాదు. అజయ్ హాసియా కేసని ఒకటుంది. శ్రీనగర్‌లోని రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీలో రాతపరీక్షకు 100, ఇంటర్వ్యూకు 50 మార్కులు పెట్టారు. ఇంటర్వ్యూ రెండు మూడు నిమిషాల్లో ముగిసిందనీ, తల్లిదండ్రులెవరు, నివాసం ఎక్కడ అని అడిగారే గాని చదువు గురించి అడగలేదనీ పిల్లలు సుప్రీంకోర్టుకు పోయారు. 1980 నవంబరులో తీర్పొచ్చింది. మొత్తం మార్కుల్లో మూడో వంతు ఇంటర్వ్యూకివ్వటం ఏకపక్షమనీ, 15 శాతానికి మించటం సమంజసం కాదనీ కోర్టు చెప్పింది. ఇంటర్వ్యూని టేప్‌రికార్డు చేస్తే మంచిదని కూడా సలహా ఇచ్చింది. ఆ మాట ఎంతమందికి గుర్తుంది? టేపు తిరుగుతుంటే 'ఏ బజారు' అని అడగటానికి నోరు రాదు. బహుశా అందుకే అది ఎవరికీ గుర్తు లేదు.

తర్వాత జరిగింది చూడండి. ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ యూనివర్శిటీ తానే వేసిన అబ్దుల్ నఫే కమిటీ, రాత మార్కులూ వైవా మార్కులూ పక్కపక్కన పెట్టి చూసింది. సామాజిక వర్గాల మధ్య కనబడే తేడా వివక్షను సూచిస్తోందనీ, 30గా ఉన్న వైవా మార్కుల్ని తగ్గించాలనీ 2016లో చెప్పింది. అదే ఏడు మే నెలలో యు.జి.సి. నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం రాతపరీక్షలో 50 శాతం తెచ్చుకుంటే అర్హత మాత్రమే. ఆ పైన అంతా ఇంటర్వ్యూయే! తగ్గించమని లెక్కలు మొత్తుకుంటుంటే మొత్తంగా అప్పజెప్పారు. 2017 మార్చిలో ఆ యూనివర్శిటీ విద్యార్థి, సేలం నుంచి వచ్చిన ముత్తుకృష్ణన్, పరిశోధనా అడ్మిషన్లలోనూ వైవాలోనూ సమానత్వం లేదని రాశాడు. కొద్ది రోజులకే చనిపోయాడు. 2018లో యు.జి.సి. నిబంధన సవరించి రాతకు 70, ఇంటర్వ్యూకు 30 చేసింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, వికలాంగులకు రాతలో 5 శాతం సడలింపిచ్చింది. 2024లో నెట్ మార్కులకు 70, ఇంటర్వ్యూకు 30 అంది. పరీక్ష మారినా ఆ 30 మాత్రం కదల్లేదు.

ముప్ఫయ్యే గదా, ఏమవుతుందిలే అంటారు కొందరు. ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను.

2019లో నేను సెలక్షన్ కమిటీలో ఉన్నాను. చరిత్రలో సీటు కోసం ఒకమ్మాయి వచ్చింది. మాదిగ పిల్ల. రాతపరీక్షలో 70కి 51. తోలు శుద్ధిలో ఆడవాళ్ళ పరిజ్ఞానం ఆమె తీసుకున్న విషయం. పచ్చితోలు సున్నపు గుంటలో ఎట్లా నానేస్తారో, వెంట్రుకలు ఎట్లా గీకుతారో, తంగేడు చెక్క దంచిన నీళ్ళలో ఎప్పటిదాకా ఉంచాలో, అది చేత్తో తడిమీ వాసన చూసీ ఎట్లా పట్టుకుంటారో చెప్పింది. "దీనికి ఆధారాలు ఏవమ్మా?" అన్నారొకాయన. "లంద పని చేసిన ముసలోళ్ళు మా మండలంలో ఇంకా పదకొండు మంది ఉండారు సార్. వాళ్ళు పోతే ఆధారాలు పోతయ్" అంది. పరిశోధన ఎందుకు చేయాలో, ఇప్పుడే ఎందుకు చేయాలో ఇంతకన్నా సూటిగా చెప్పినవాళ్ళని నేను చూడలేదు. కానీ ఆయన ఇంకో ప్రశ్న వేశాడు. "నువ్వూ ఆ కులమే గదా, నిష్పాక్షికంగా ఎట్లా రాస్తావు?"

అదే పొద్దున ఇంకో అబ్బాయి వేదపాఠశాలల చరిత్ర మీద వచ్చాడు. వాళ్ళ తాతగారు ఘనాపాఠి అట. "అయితే విషయం ఇంట్లోనే ఉందన్నమాట!" అని అందరూ సంతోషపడ్డారు. రాతలో అతనికి 46. వైవాలో 24 వేద్దామన్నారు. అమ్మాయికి 9.

ఇద్దరూ తమ ఇంటి విషయమే తెచ్చుకున్నారు. ఒకరి ఇల్లు అర్హత అయింది, ఇంకొకరి ఇల్లు అనర్హత అయింది. ఇదేం తూకం? నిష్పాక్షికత అనేది పరిశోధకుడికి కావాల్సిందే, నేను కాదనను. కానీ పక్షపాతం ఉందేమోనన్న అనుమానం మాదిగపల్లె దగ్గరే ఎందుకు పుడుతుంది? బాబాసాహెబ్ అంబేద్కర్ 1916 మే నెలలో, 25 ఏళ్ళ వయసులో, కొలంబియా యూనివర్శిటీలో గోల్డెన్‌వైజర్ సెమినార్లో భారతదేశంలో కులాల మీద పేపరు చదివారు. 'నువ్వు అంటరానివాడివి గదా, కులం మీద ఎట్లా రాస్తావు' అని అక్కడెవరైనా వెనక్కి పంపి ఉంటే మనకెంత నష్టం! గాయం ఉన్నోడికే నొప్పి ఎక్కడుందో తెలుస్తుంది. ఆ నొప్పిని రుజువు చేసే పద్ధతి నేర్పమనే కదా వాడు యూనివర్శిటీకి వచ్చింది?

మార్కులకు కారణం రాయమన్నాను. "ఎస్సీ సీటు ఎట్లాగూ ఆమెకే వస్తది, మీకెందుకండీ గొడవ" అన్నారు. మిత్రులారా, అసలు మోసం ఈ మాటలోనే ఉంది. 51 తెచ్చుకున్న పిల్లకు 9 వేస్తే ఆమె ఓపెన్ జాబితాలోంచి జారి రిజర్వుడు సీట్లో పడుతుంది. ఆ సీటు రావాల్సిన ఇంకో ఎస్సీ పిల్లోడు బయటికి పోతాడు. రిజర్వేషన్ కనీసం ఇంతమంది ఉండాలన్న హామీ. దాన్ని ఇంతకు మించొద్దన్న కంచెగా మార్చేది ఈ 30 మార్కులే. ఆపైన 'కోటాలో వచ్చింది' అనే మాట ఆ పిల్ల నెత్తిన జీవితమంతా మోత.

నేను సంతకం పెట్టలేదు. అసమ్మతి రెండు పేజీల్లో రాసిచ్చాను. జాబితా నెలరోజులు ఆగింది. చివరికి ఆమె 9, 17 అయింది. మొత్తం 68. ఓపెన్ జాబితాలో ఆఖరి పేరు ఆమెది. ఎస్సీ సీటు ఇంకో పిల్లోడికి దక్కింది.

కొందరు మనవాళ్ళే అడిగారు. "వాళ్ళు వాళ్ళోళ్ళకి 24 వేసుకుంటుంటే నువ్వు మనోళ్ళకి 29 వేయొచ్చు గదన్నా! కారణాలూ కాగితాలూ ఎందుకు?" ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. వెయ్యేళ్ళుగా ఒకవైపే మొగ్గిన తక్కెడ ఇది. కొంచెం ఇటు నొక్కితే తప్పేంటి అనిపించటం సహజం. అయినా నా జవాబు వేరే. గుట్టుగా వేసిన మార్కు, మన చేత్తో వేసినా, ఆ గుట్టునే బలపరుస్తుంది. రేపు ఆ కుర్చీలో నేనుండను. గుట్టు మాత్రం ఉంటుంది. అది ఎవరికి పనికొస్తుందో వేరే చెప్పాలా? అట్లాగని నేను తటస్థుణ్ణి కాదు. తటస్థంగా ఉంటే ఆ 9 నిలబడేది. ఎవరూ వినిపించుకోని మాటను చెవిపెట్టి వినటం పక్షపాతం కాదు, న్యాయానికి మొదటి మెట్టు. విన్నదాన్ని కాగితం మీద పెట్టించటం రెండోది.

గడప దాటితే అయిపోదు. ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ దగ్గర 6గురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు పిహెచ్.డి. విద్యార్థులకు మించకూడదని నిబంధన. మన పిల్లలు పోయి నిలబడితే 'ఖాళీ లేదమ్మా' అనటానికి ఇదో సాకు. ఆ అమ్మాయిక్కూడా మూడు గదుల్లో ఆ మాటే చెప్పారు. నా దగ్గర ఒక ఖాళీ ఉంది, నేను తీసుకున్నాను. అందరికీ అట్లా ఒకడు దొరకడు. లోపలికొచ్చిన వాళ్ళను ఎట్లా వెలేస్తారో 2016 జనవరి 17న రోహిత్ వేముల చావుతో దేశమంతా చూసింది.

కాబట్టి విద్యార్థి సంఘాలు దయ అడగొద్దు, లెక్క అడగాలి. ప్రతి అభ్యర్థికీ రాత మార్కూ వైవా మార్కూ పక్కపక్కన గోడకంటించమనండి. ప్రతి వైవా మార్కుకీ రెండు వాక్యాల కారణం రాయమనండి. 1980లో కోర్టు చెప్పిన టేపుని ఇప్పుడైనా పెట్టమనండి. 30ని 15కి దించమనండి. అడ్మిషన్ రోజే గైడ్ పేరు చెప్పమనండి. ఊరూ బజారూ అడిగితే జవాబు చెప్పొద్దు, 'నా సబ్జెక్టు అడగండి సార్' అనండి. కమిటీల్లో కూర్చున్న మనవాళ్ళకు ఒక్క మాట. మీరు కూర్చున్న కుర్చీ కోసం ఎందరో ధర్నాలు చేశారు. మీ సంతకం ఊరికే వాడేయకండి.