‘ఉన్నాడు’కీ ‘ఉండాలి’కీ మధ్య

గౌతమీ గోదావరి గట్టున ముక్తేశ్వరం రేవు. అవతలి ఒడ్డు కోటిపల్లి. ఆదరాబాదరాగా వచ్చినవాళ్లు ముందు అడిగేది ఏరు దాటించే పంటు సంగతే. నీటి అంచున నిలబడినవాడు "వచ్చిందండీ" అంటాడు. దూరంగా టీ కొట్టు దగ్గర కూర్చున్నవాడు టైము చూసుకుని "ఈపాటికి వచ్చేసే ఉంటుందండీ" అంటాడు. రెండో మాట పొడుగెక్కువ, ధీమా తక్కువ. ముందు "తప్పకుండా" అని చేర్చినా అతను పంటును చూడలేదన్న సంగతి మారదు. పైగా మరింత బయటపడుతుంది.

ఇంగ్లీషులోనూ ఇంతే. బళ్లో ‘మస్ట్’ గట్టి మాట, ‘మే’ మెత్తని మాట, ‘మైట్’ ఇంకా మెత్తన అని నేర్పుతారు. కానీ కిటికీలోంచి వానను చూస్తున్న మనిషి ‘ఇట్ ఈజ్ రెయినింగ్’ అంటాడు. ఎవరో తడిసిన గొడుగుతో లోపలికి రావడం మాత్రమే చూసినవాడు ‘ఇట్ మస్ట్ బి రెయినింగ్’ అంటాడు. ‘మస్ట్’ ఉన్న వాక్యం కన్నా అది లేని వాక్యమే బలమైనదని భాషావేత్త లౌరి కార్టునెన్ 1972లోనే ఎత్తిచూపాడు. పక్కన చేరే క్రియావిశేషణాల తీరూ గమనించదగ్గదే. ‘మే’తో ‘పాసిబ్లీ’, ‘మస్ట్’తో ‘సర్టెన్లీ’ శ్రుతి కలిసిన జోడీలని 1977లో జాన్ లయన్స్ వివరించాడు. ‘మే’కి ‘వెల్’ తోడైతే అవకాశం పెరుగుతుంది. ‘మస్ట్’కి ‘ష్యూర్లీ’ తోడైతే మాత్రం ఎదుటివాడి చేత అవుననిపించుకోవాలన్న ఆరాటం వినబడుతుంది.

దేవుడి గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడా చాలా పెద్దదవుతుంది.

కొండ మీద పొగ కనబడితే అక్కడ నిప్పు ఉండి తీరాలి. కనబడినదాన్ని బట్టి కనబడనిదాన్ని తేల్చే అనుమాన ప్రమాణానికి నైయాయికులు, అంటే న్యాయ దర్శనం వాళ్లు, చెప్పే పాత ఉదాహరణ ఇది. వాళ్లలో ఒకడైన ఉదయనాచార్యుడు ‘న్యాయకుసుమాంజలి’లో ఈశ్వరుణ్ణి స్థాపించడానికి పట్టిన దారుల్లో ఇలాంటి అనుమానమూ ఒకటి. లోకం ఒక కార్యం. కార్యానికి కర్త కావాలి. కనుక లోకానికీ కర్త ఉండి తీరాలి. వాదన పదునైనదే, కానీ ‘ఉండాలి’ దగ్గరే ఆగుతుంది.

ముక్తేశ్వరంలో క్షణముక్తేశ్వరుడి గుడికి వచ్చే పెద్దవాళ్ల నోట ఆ మాట వినబడదు. క్షణంలో ముక్తినిచ్చాడు కనుక స్వామికి ఆ పేరని స్థలపురాణం. వాళ్లనేది "స్వామి ఉన్నాడు, చూసుకుంటాడు" అని. అందులో ‘తప్పక’ లేదు, ‘బహుశా’ లేదు. అలాగని వాళ్లు కళ్లారా చూశారా? రేవులో చూడనివాడు ‘వచ్చి ఉంటుంది’ అనే అంటాడు గదా. మరి చూడకుండానే ‘ఉన్నాడు’ అనే హక్కు వీళ్లకెక్కడిది?

జవాబుకి ముందు ఒక మాట. మొక్కులో వినబడే ‘ఆలి’ని ఈ ‘ఉండాలి’లోని ‘ఆలి’తో కలపకూడదు. దగ్గర్లోని అయినవిల్లి సిద్ధివినాయకుడి సన్నిధిలో పూజ చేసిన కలాలను పరీక్షల ముందు పిల్లలకు పంచుతారు. ఆ పిల్లలు "పాసవ్వాలి స్వామీ" అన్నప్పుడు అది ఊహ కాదు, కోరిక. సంస్కృతంలోనూ ఒకే క్రియారూపం రకరకాల పనులు చేస్తుంది. ఆజ్ఞకీ ఆహ్వానానికీ ప్రార్థనకీ కూడా పాణిని ‘లిఙ్’నే విధించాడు.

ఆ లిఙ్ రూపమే అయిన ‘స్యాత్’ జైనుల చేతిలో క్రియ పని మానేసి అవ్యయమైంది. ఇంగ్లీషులో ‘మే’, ‘బి’ కలిసిపోయి ‘మేబీ’ అయినట్టే. అయితే జైనుల ‘స్యాత్’ సందేహం కాదు. ‘ఒకానొక దృష్టితో చూస్తే’ అని దాని అర్థం. అందుకే దాని పక్కనే ‘ఏవ’ చేర్చి, ఆ దృష్టిలో మాత్రం ఇది నిశ్చయమేనని చెప్పగలిగారు. ‘మేబీ’, ‘సర్టెన్లీ’ ఒకే మాట మీద కూర్చుంటే ఇంగ్లీషు చెవికి కలహంలా వినబడుతుంది. ఇక్కడ ఒకటి హద్దు గీస్తుంది, రెండోది ఆ హద్దు లోపల గట్టిగా నిలబడుతుంది. ఇంత నిజాయితీగా మాట్లాడే పద్ధతి తర్కశాస్త్రంలో అరుదు.

గుడిలో వినబడే ‘ఉన్నాడు’కి మాత్రం అండ మీమాంసకుడు కుమారిల భట్టు దగ్గర దొరుకుతుంది. లోకానికి కర్త అక్కర్లేదన్నవాడు ఆయన! అయినా జ్ఞానం స్వతఃప్రమాణమన్నాడు. కలిగిన జ్ఞానానికి బయటి నుంచి హామీ పత్రం తేనక్కర్లేదు, దాన్ని కొట్టేసే మరో జ్ఞానం కలిగేదాకా అది నిలుస్తుంది. వేదం కోసం ఆయన కట్టిన ఈ సూత్రం, ఈశ్వరుడి కోసమే వాదించిన ఉదయనుడి తర్కం కన్నా భక్తుల మాటకు దగ్గరగా ఉంది.

నైయాయికులు ఊరుకోలేదు. నీళ్లు కనబడ్డాయంటే సరా, వెళ్లి దాహం తీర్చుకుంటేనే ఆ చూపు నిజమని తేలుతుందన్నారు. స్వామి ఇచ్చే ముక్తి విషయంలో ఈ పరీక్ష పెట్టడం కష్టం. పొందినవాడు వెనక్కి వచ్చి సాక్ష్యం చెప్పడు. ‘ఉన్నాడు’ను రుజువు చేసే ఫలితమూ, కొట్టేసే జ్ఞానమూ రెండూ బతికున్నవాళ్లకు అందవు గనుక ఈ తగువులో న్యాయం, మీమాంస ఇప్పటికీ చెరో గట్టునే ఉన్నాయి.