ఉచితముగా మోసికొని వచ్చువాడెవడు?

ఫోనులో చౌకసరుకు వెదకుకొనుట తప్పా అని మన సంఘపు సహోదరి యొకతె నన్నడిగెను. ఆమె కూలిపని చేసికొని బ్రదుకునది. బజారులో రూ. 600 చెప్పిన బడిసంచి ఆమెకు రూ. 350కే, అదియు ఉచిత డెలివరీతో దొరికినది. తప్పు కాదని వెంటనే చెప్పితిని. లేనివారు నాలుగు రూపాయలు మిగుల్చుకొనుటను తప్పుపట్టుట కలవారికే చెల్లును.

అయితే ఆ “ఉచితము” అను మాటయొద్ద కొంచెము ఆగవలెను. సంచి తనంతట తాను నడచి రాదు గదా. గోదాములో ఒకడు దానిని కట్టును, లారీ తెచ్చును, మండల కేంద్రమునుండి ఒక పడుచువాడు బండిమీద ఇంటింటికి తిరుగును. ఆ ఖర్చు కొంత వస్తువు ధరలోనే కలిసియుండును, కొంత అమ్మువాని లాభములోనుండి పోవును. కొన్నిచోట్ల ఇన్ని రూపాయల సరకు కొన్నగాని డెలివరీ ఉచితము కాదు. అప్పుడు రూ. 40 తప్పించుకొనుటకు రూ. 80 చేయు అక్కరలేని డబ్బా నొకటి బుట్టలో వేసికొందుము. మా ఇంట అట్టి డబ్బాలు మూడున్నవి.

మనము కోరని వస్తువును బుట్టలో చేర్చుట, ముందు చెప్పని రుసుమును చివర కలుపుట, సరకు అయిపోవుచున్నదని అబద్ధముగా తొందరపెట్టుట కూడదని 2023లో కేంద్ర ప్రాధికార సంస్థ మార్గదర్శకములు వెలువరించినది. మోసపోయినవారు 1915 నంబరుకు ఫోను చేసి చెప్పుకొనవచ్చును.

అమ్మువాని మోసమునకు నంబరున్నది. కొనువాడు చేయు అన్యాయమునకో? సరకు పనికిరాదని చెప్పి చెప్పి ధర తగ్గించి, అవతలికి పోయి తన నేర్పును పొగడుకొను మనుష్యుని సంగతి సామెతల గ్రంథము 20వ అధ్యాయములో నున్నది. ఆ మనుష్యుని నేనెరుగుదును.

గడచిన చలికాలమున రూ. 420కి ఒక దుప్పటి ఆర్డరు చేసితిని. సరకు అందినప్పుడు సొమ్మిచ్చు పద్ధతి. అది రాకమునుపే అట్టి దుప్పటియే వేరొకచోట రూ. 385కు కనబడగా దానిని కూడ చెప్పితిని. మొదటిది తెచ్చిన కుఱ్ఱవాడు గుమ్మము ముందర నిలిచినప్పుడు, “వద్దు నాయనా, తీసికొనిపో” అంటిని. నాకు పైసా నష్టము లేదు. అతడు కొంచెముసేపు నిలిచి, “అందించిన పార్సెలుకే మాకు లెక్కండి” అని మెల్లగా చెప్పి వెళ్లెను. 14 కిలోమీటర్ల దూరము. చిరిగినదానిని, కొలత తప్పినదానిని తిరిగి పంపుట న్యాయమే. ఆ దుప్పటిలో ఏ లోపమును లేదు. నాకు మిగిలిన రూ. 35 ఏ కంపెనీ పెట్టెలోనుండియు రాలేదు.

అతని కూలి సంగతి యజమానులు చూచుకొనవలెను గాని మనకేల అని యొక మిత్రుడనెను. అందులో నిజము లేకపోలేదు. ఇట్టి పనివారి భద్రతకై సంస్థలు తమ వ్యాపారపు మొత్తములో నూటికి 1 మొదలు 2 రూపాయల వరకు చెల్లించవలెనని 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి చెప్పుచున్నది. అది 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. మంచిదే. కాని నా గుమ్మమునొద్ద నేను చేసినదానిని ఏ చట్టమును విచారింపదు.

మొన్న ఎండవేళ అదే కుఱ్ఱవాడు ఫోను చేసెను. ఇంకను బండి యెక్కలేదు. “ఈసారి తీసికొందురా, అయ్యగారూ?” అని అడిగెను. తీసికొందునని చెప్పి, సరిపడు చిల్లర లెక్కపెట్టుకొని రోడ్డుదాక నడచితిని.